నాదస్వరం దగ్గర నేర్చిన గొంతు

తెనాలి దాటాక పాసింజరు బండి తీరుబడిగానే నడుస్తుంది. మీకు కిటికీ పక్కన చోటు దొరికింది. రేపల్లె లైను తెనాలిలోనే విడిపోయి వేమూరు, భట్టిప్రోలు మీదుగా ఎడమకి పోయింది. మీరున్నది మద్రాసు లైను. నిడుబ్రోలు దాకా నల్లనేల, వరిమళ్ళు. బాపట్ల దగ్గరపడేసరికి నేల రంగు తిరుగుతుంది. ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోటలు. ఆ తర్వాతి స్టేషను స్టూవర్టుపురం. వెనకొచ్చే సూపర్‌ఫాస్టుకి దారివ్వడానికి మీ బండిని ఇక్కడ పక్కన పెట్టారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి మాత్రం రావట్లేదు.

ఎదురు సీట్లో కుర్రాడు పెట్టె అంతా వినబడేలా ఫోన్లో పాట పెట్టాడు. ముందు నాదస్వరం. ఒక వరస వాయించి ఆగింది. ఆడగొంతు ఆ వరసనే అందుకుంది. నాదస్వరం ఇంకాస్త మెలికతిప్పి వదిలింది. గొంతు ఆ మెలికనీ పట్టుకుంది. రెండూ పోనుపోను వేగం పెంచుకుంటూ స్వరాల్లోకి దిగాయి. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో పట్టుకుందామని మీరు చెవి ఒగ్గారు. దొరకలేదు.

"ఎవరనుకున్నారు, మన రేపల్లె తాలూకా ఆవిడే" అన్నాడు పక్కనున్న పెద్దాయన, తువ్వాలుతో విసురుకుంటూ.

పెద్దాయన మాట నిజమే. ఎస్. జానకి 1938 ఏప్రిల్ 23న రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టింది. పాట 1962లో వచ్చిన తమిళ చిత్రం 'కొంజుం సలంగై'లోది. అదే తెలుగులో 'మురిపించే మువ్వలు'. రాగం ఆభేరి, సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు, నాదస్వరం కారుకురిచ్చి అరుణాచలం. తెర మీద జెమినీ గణేశన్ నాదస్వరం పట్టుకుంటే, ఎదురుగా పెదవులు కదిపింది సావిత్రి. ఆవిడది చిర్రావూరు, అంటే అదీ గుంటూరు జిల్లాయే. తమిళులు తలకెత్తుకున్న ఆ పాటలో ముఖం ఒక ఊరిదీ, గొంతు ఇంకో ఊరిదీ. రెండూ పాత గుంటూరు జిల్లావే అని తలుచుకుంటే నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

సూపర్‌ఫాస్టు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం అవతలి ఊరు 1910లలో సాల్వేషన్ ఆర్మీ పెట్టిన సెటిల్‌మెంటు. ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. జానకి పుట్టేనాటికి వాళ్ళ మీద నేరస్థ జాతుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. ఆ చట్టం పోయినా సినిమావాళ్ళు మాత్రం ఊరి పేరుని దొంగతనానికే కట్టేసి వదిలారు. మద్రాసులో అవకాశాల కోసం బయల్దేరిన కోస్తా కళాకారులెందరో చూసిన స్టేషన్లే ఇవన్నీ. చీరాల దాటి కాసేపు పోతే కరవది వస్తుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన ఊరు. ఇక్కడివాళ్ళకి నాదస్వరం అంటే పెళ్ళి సందడి ఒక్కటే కాదు, అదొక చదువు.

జానకి బాల్యం చాలావరకు సిరిసిల్లలో గడిచింది. పాట ఓనమాలు దిద్దించింది పైడిస్వామి. ఆయన గాత్ర విద్వాంసుడు కాడు, నాదస్వర విద్వాంసుడు. నా లెక్కలో అసలు సంగతి ఇదే. పసిపిల్లలా పాడిందనీ, ముసలవ్వలా పాడిందనీ ఆవిడ గొంతు మార్పిడిని అందరూ చెప్పుకుంటారు. ముచ్చటైన విద్యే, కాదనను. కానీ గమకాన్ని తెంపకుండా ఊపిరిని దాచి దాచి ఖర్చుపెట్టడం ఉందే, అది ఊదేవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళకే వస్తుంది. అందుకే అరుణాచలంగారి పక్కన ఆ గొంతు పరాయిదిగా వినబడదు.

సూపర్‌ఫాస్టు దాటిపోయింది, మీ బండి కదిలింది. మీరిక మద్రాసులో ఏవీఎం స్టూడియోలోకి రండి. 1957. జానకికి పందొమ్మిదేళ్ళు, నెలజీతం మీద స్టాఫ్ ఆర్టిస్టు. మొదటి పాట తమిళంలో, 'విధియిన్ విళైయాట్టు'కి, టి. చలపతిరావు సంగీతంలో. వెంటనే తెలుగులో 'ఎం.ఎల్.ఏ.'కి, పెండ్యాల నాగేశ్వరరావు దగ్గర, అదీ ఘంటసాలతో యుగళగీతం. అప్పట్లో ముక్కముక్కలుగా పాడి అతికించుకునే వీలు లేదు. వయొలిన్లు, తబలా, పాడేవాళ్ళు అందరూ ఒకేసారి. చివరి చరణంలో ఎవరి వేలు జారినా మళ్ళీ మొదటికే. చమట పట్టినా ఫ్యాను వేయకూడదు, ఆ చప్పుడు కూడా మైకు వినేస్తుంది.

ఆవిడ పాడుతుంటే చూడండి. చెయ్యి ఆడదు, తల ఊగదు. ముఖంలో ఏడుపూ లేదు, సిగ్గూ లేదు. అవన్నీ మీ చెవికే వస్తాయి. కళ్ళు మూసుకుని విని, తర్వాత తెరిచి చూస్తే ఇద్దరు వేరువేరు మనుషులనిపిస్తుంది.

అలా అరవై ఏళ్ళు. జాతీయ అవార్డులు 4 వచ్చాయి: తమిళంలో '16 వయదినిలే', 'తేవర్ మగన్', మలయాళంలో 'ఓప్పోళ్', తెలుగులో 1984 నాటి 'సితార'. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దంది. చాలా ఆలస్యంగా ఇచ్చారనీ, దక్షిణాది కళాకారులకి అన్యాయం జరుగుతోందనీ మొహమాటం లేకుండా చెప్పింది. పొగరన్నారు కొందరు. యాభై అయిదేళ్ళు పాడాక ఆ మాత్రం అనే హక్కు ఆవిడకుంది. 2017 అక్టోబరులో మైసూరులో చివరి కచేరీ చేసి, ఇక పాడనని వేదిక దిగింది.

మీరు అందాకా వెళ్ళకండి. ఇళయరాజా రోజుల్లో, మద్రాసులో ఓ ఉదయం దగ్గర ఆగండి. జానకి చేతిలో నోటుపుస్తకం ఉంది. తమిళ పాటని తెలుగు అక్షరాల్లో రాసుకుంది. అక్షరం పక్కన తనకే తెలిసే గుర్తులు: ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేల్చాలో, ఎక్కడ నవ్వాలో. ఒక్కో మాటకి అర్థం అడిగి తెలుసుకుంది. టేకు అయింది. అద్దం అవతలి నుంచి ఓకే అన్నారు. ఆవిడ పేజీ తిప్పింది. మధ్యాహ్నం మలయాళం పాట ఉంది.