ఆదికాండంలో ఎన్ని చేతులు?

కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ క్రెయిగ్ 1880లో ఆకివీడులో మిషన్ కేంద్రం పెట్టాడు. కొల్లేటి పల్లెల్లో బైబిలు చదువు అలా వేళ్లూనుకుంటున్న రోజుల్లోనే, ఆ గ్రంథం ఎలా పుట్టిందన్న చర్చతో యూరప్ అట్టుడుకుతోంది. మోషే రాశాడని తరతరాలుగా నమ్మిన బైబిలు తొలి ఐదు కాండాలు ఒకరి రచన కావని, వేర్వేరు కాలాల నాటి నాలుగు మూలాల కూర్పని 1878లో జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ వాదించాడు.

అనుమానం అంతకన్నా పాతదే. ఆదికాండంలో దేవుడికి రెండు పేర్లు వంతులవారీగా వస్తున్నాయని ఫ్రెంచి వైద్యుడు ఆస్త్రుక్ 1753లోనే పట్టుకున్నాడు. ఇది చూడడానికి హీబ్రూ రానక్కర్లేదు. మన తెలుగు బైబిల్లోనూ మొదటి అధ్యాయమంతా ‘దేవుడు’ అనే ఉంటుంది. రెండో అధ్యాయం నాలుగో వచనం నుంచి ‘దేవుడైన యెహోవా’ అని మొదలవుతుంది. కథా మారుతుంది. మొదటిదాంట్లో జంతువుల తర్వాత స్త్రీపురుషులిద్దరూ కలిసే పుడతారు. రెండోదాంట్లో ముందు పురుషుడు, తర్వాత జంతువులు, చివర స్త్రీ.

జలప్రళయమూ అంతే. ఆరో అధ్యాయంలో ఓడలోకి జాతికొక జత చాలు. ఏడో అధ్యాయానికి పవిత్ర జంతువులు ఏడేసి కావాలి. ఒకచోట లెక్క నలభై రోజులు, మరోచోట నూట యాభై. పైగా ప్రాచీన నగరం నీనెవె శిథిలాల్లో దొరికిన మట్టిపలక మీద ఇలాంటి ప్రళయకథే ఉందని 1872లో బ్రిటిష్ పండితుడు జార్జ్ స్మిత్ లండన్‌లో చదివి వినిపించాడు. నేల ఆరిందో లేదో చూడ్డానికి పక్షిని వదలడం అందులోనూ ఉంది.

తెలుగువాళ్లకు ఇది మింగుడుపడని సంగతి కాదు. అరణ్యపర్వంలో నన్నయ ఆగినచోట ఎర్రన అందుకున్నాడని బళ్లోనే చదువుకున్నాం. భారతం విలువ దానివల్ల తగ్గలేదు. తేడా ఒక్కటే: ఆదికాండం కూర్చినవాళ్లు పేర్లు చెప్పుకోలేదు.

ఆకివీడుకు మిషనరీలను పంపిన ఒంటారియో, క్యూబెక్ బాప్టిస్టుల ఇంట్లోనూ ఈ గొడవ రేగింది. వాళ్ల మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పాత నిబంధన చెప్పే ఆచార్యుడు మాథ్యూస్ బోధన విశ్వాసానికి విరుద్ధమని బాప్టిస్టు పాస్టరు ఎల్మోర్ హారిస్ అభియోగం మోపాడు. 1910లో ఆ బాప్టిస్టుల మహాసభ విశ్వవిద్యాలయం పక్షానే నిలిచింది.

వెల్‌హౌజెన్ నాలుగు మూలాల లెక్కను ఇప్పుడు పండితులందరూ యథాతథంగా ఒప్పుకోరు. 1970ల నుంచి దానిమీద గట్టి విమర్శలే వచ్చాయి. అయినా ఐదు కాండాల వెనక అనేక చేతులున్నాయన్న మాటను విశ్వవిద్యాలయాల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు.

ఆ కూర్పరులు రెండు సంప్రదాయాలు పొసగకపోతే ఒకదాన్ని కొట్టేయలేదు, రెండింటినీ నిలిపారు. పెద్దల నుంచి వచ్చిన మాట మీద వాళ్లకున్న గౌరవం అది. మూలాలు వెతకడం ఆ గౌరవానికి కొనసాగింపేగాని అవిశ్వాసం కాదు. నమ్మేవారైనా, నమ్మనివారైనా ఆదికాండం ఆరు నుంచి ఎనిమిది అధ్యాయాలు ఒకసారి పెన్సిలు పట్టుకుని చదవండి.