సంత దారిలో దోపిడీ – న్యాయం కోసం మన నడక

మన చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా పితూరీల గురించి రాస్తారు. ముట్టడులు, తుపాకులు, వీరుల మరణాలు రాస్తారు. పితూరీకి ముందు మన పెద్దలు ఎవరి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు, అక్కడ ఏం జవాబు దొరికింది అన్నది తక్కువగా రాస్తారు. కావడి మోసుకుని సంతకు వెళ్ళే మనిషిని దారిలో ఆపి సొమ్ము లాక్కుంటే, ఆ మనిషి న్యాయం కోసం ఎవరి గడప తొక్కాడు? ఈ వ్యాసంలో మనం ఆ సంగతి చూద్దాం.

1839లో వచ్చిన 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టింది. మనం ఇప్పటికీ వాడే ‘ఏజెన్సీ’ అన్న మాట అలా వచ్చిందే. పేరు మారింది గాని న్యాయం మాత్రం కొండెక్కి రాలేదు.

గోదావరి జిల్లా రంప కొండల్లో జరిగింది చూడండి. పల్లపు వర్తకులు కొండవాళ్ళకు అప్పులిచ్చి, తరవాత మైదానంలోని సివిల్ కోర్టుల్లో దావాలు వేసేవారు. సమను ఏమిటో తెలియని మనిషి, అడవి దాటి అంతదూరం వెళ్ళలేని మనిషి, వాయిదాకు హాజరు కాలేడు. అతను లేకుండానే ఏకపక్ష డిక్రీ వచ్చేది. ఆ కాగితం పట్టుకుని వచ్చి పశువులనూ ధాన్యాన్నీ తోలుకుపోయేవారు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల సొత్తు పట్టుకుపోయారన్న ఆరోపణ ఆనాటి ప్రభుత్వ రికార్డుల్లోకే ఎక్కింది. దీనికి తోడు కల్లు మీద చిగురుపన్ను, పోలీసుల జులుం. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. తమ్మన్నదొర వంటి నాయకులు ప్రాణాలిచ్చారు. దొంగ వస్తే తరమవచ్చు. కోర్టు ముద్రతో వచ్చినవాణ్ణి తరిమితే మనమే దొంగలమయ్యాం.

నలభై ఏళ్ళ తరవాత గూడెం కొండల్లో దారే దోపిడీకి చోటయింది. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయించాడు. కూలి సరిగా ఇవ్వకుండా మనవాళ్ళ చేత వెట్టి చేయించాడు. అతని మీద చేసిన ఫిర్యాదుల వల్ల మేలు జరగలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. ఆ దళంలో గాం గంటందొర, మల్లుదొర ఉన్నారు. వాళ్ళు పోలీసు స్టేషన్నే ఎందుకు ఎంచుకున్నారని పిల్లలు అడుగుతుంటారు. తుపాకుల కోసం అన్నది నిజమే. మొర వినవలసిన చోట దెబ్బలు తిన్న జనానికి స్టేషన్ అంటే ఏమిటో కూడా మనం పిల్లలకు చెప్పాలి.

ఇదే కాలంలో మరో అన్యాయం జరిగింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికీ తెచ్చారు. ఎరుకల వంటి మన సోదర జాతులను పుట్టుకతోనే దొంగలని రాశారు. స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. దొంగ అని ముందే పేరు రాసినవాడు తన ఇల్లు దోచారని చెబితే ఎవరు నమ్ముతారు? ఆ చట్టం 1952లో రద్దయింది. అనుమానపు చూపు మాత్రం ఇంకా పోలేదు.

సంత దారి దోపిడీ మరోలా ఉండేది. చింతపండు, పసుపు, పిప్పళ్ళు, కొండచీపుర్లు మోసుకొస్తున్నవారిని షావుకారి మనుషులు మలుపు దగ్గరే కాపు కాసి, మూట దింపించి, తోచినంత చేతిలో పెట్టేవారని మన ముసలివాళ్ళు చెబుతారు. కుంచం వాళ్ళది, లెక్క పుస్తకం వాళ్ళది. కత్తి చూపలేదు కాబట్టి దాన్ని ఎవరూ దోపిడీ అనలేదు. ఈ పట్టు నుంచి తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు.

ఇక ఈనాటి మాట. మా ప్రాంతంలో ఒక రైతు మిరియాలు అమ్మి, చీకటి పడే వేళ ఇంటికి నడిచి వస్తున్నాడు. ఘాట్ దగ్గర ఇద్దరు మోటారు సైకిల్ అడ్డం పెట్టి, గొంతు పట్టుకుని, డబ్బూ ఫోనూ లాక్కున్నారు. మరునాడు స్టేషన్‌కు వెళితే అక్కడివారు ఒక కాగితం రాసి వేలిముద్ర వేయించుకున్నారు. మేము కొందరం ఉపాధ్యాయులం, యువకులం వెళ్ళి అందులో ఏముందో చదవమన్నాం. ‘దారిలో డబ్బు, ఫోను పోయినవి’ అని ఉంది. అతను తన భాషలో చెప్పింది లాక్కున్నారని. తెలుగులోకి వచ్చేసరికి పోయినవి అయింది. ఆ ఒక్క మాటతో దొంగలు మాయమయ్యారు, నేరం మాయమయింది, మిగిలింది అజాగ్రత్త గల ఒక ముసలివాడు.

మళ్ళీ రాశాం. ఎస్పీకి పోస్టులో పంపాం. కొన్ని వారాలకు ఎఫ్‌ఐఆర్ నకలు చేతికొచ్చింది. డబ్బు ఇంకా రాలేదు, కేసు నడుస్తోంది. అయినా రంప కొండల్లో మనిషి లేకుండానే కాగితం తయారైంది. ఇక్కడ మనిషి ఎదురుగా నిలబడి తన కాగితాన్ని తనే రాయించుకున్నాడు. ఈ తేడా చిన్నది కాదు.

యువత తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బలం వాడి, భయపెట్టి లాక్కుంటే అది దొంగతనం కంటే పెద్ద నేరం. రహదారి మీద సూర్యాస్తమయం, సూర్యోదయాల మధ్య జరిగితే 14 ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చు. ఇలాంటి నేరం గురించి చెబితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు వెళ్ళవచ్చు. నేరం అట్రాసిటీ చట్టం కిందికి వస్తే, ఆ చట్టం ప్రకారం చేయవలసిన పనిని కావాలని చేయని, షెడ్యూల్డు కులాలకు గాని తెగలకు గాని చెందని ప్రభుత్వ ఉద్యోగికి కూడా శిక్ష ఉంది. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. లేఖారచన పాఠంలో మనం సెలవు చీటీ, మిత్రునికి లేఖ రాయిస్తున్నాం. దానితో పాటు ఒక ఫిర్యాదు కూడా రాయిద్దాం. ఏ వేళ, ఏ మలుపు దగ్గర, ఎంతమంది, ఏం చేసి, ఏం తీసుకున్నారు అన్నవి వరసగా రాయడం నేర్పుదాం. ముందు పిల్లల సొంత భాషలో చెప్పించి, తరవాత తెలుగులో పెట్టిద్దాం. ఏ మాటకు ఏ మాట సరిపోతుందో వాళ్ళే వాదించుకోనిద్దాం. రేపు సంత నుంచి వచ్చే తాతతో స్టేషన్‌కు వెళ్ళవలసింది ఆ పిల్లలే.