10.0.2.2: అతిథికి ఇచ్చిన దొడ్డిదారి

వర్చువల్‌బాక్స్‌లో ఓ లినక్స్ వేసి, సెట్టింగులేవీ ముట్టుకోకుండా ఐపీ అడ్రస్ చూడండి. 10.0.2.15 అంటుంది. క్యూఎములోనూ అదే. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ డాక్యుమెంటేషన్ తెరిచినా అదే... గెస్ట్‌కి 15, హోస్ట్‌కి 2, డీఎన్ఎస్‌కి 3. ఎవరికి వాళ్ళు రాసుకున్న సాఫ్ట్‌వేర్లలో ఒకే అంకెలు ఎలా వచ్చాయబ్బా అంటే, మూలం ఒకటే కాబట్టి.

ఆ మూలం పేరు స్లర్ప్. 1995 ప్రాంతంలో డానీ గాస్పరోవ్‌స్కీ రాశాడు. అప్పట్లో డయలప్ మీద చవగ్గా దొరికేది షెల్ అకౌంటు. మన దగ్గర 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడూ ఇదే తంతు: షెల్ అకౌంటులో ఉత్త అక్షరాలే, బొమ్మలు కావాలంటే ఖరీదైన టీసీపీ/ఐపీ అకౌంటు.

స్లర్ప్ ఈ గోడకి కన్నం పెట్టింది. సర్వర్ మీద మామూలు ప్రోగ్రాములా నడుస్తుంది, రూట్ అనుమతి అక్కర్లేదు. ఇంట్లో పీసీ మోడెమ్ గుండా పంపిన ప్యాకెట్లను విప్పి, అదే పనిని తన పేరు మీద బయట చేసిపెడుతుంది. పీసీ అడ్రస్ బయటివాళ్ళకి కనపడదు కాబట్టి అందరికీ 10.0.2.15 ఇచ్చినా గొడవలేదు. 10.0.2.2 అంటే స్లర్ప్ నడుస్తున్న మెషీనే.

2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలెట్టిన క్యూఎముకి తర్వాత సరిగ్గా ఇలాంటిదే కావాల్సొచ్చింది. స్లర్ప్ కోడ్ తెచ్చి కలిపేశారు, అంకెలతో సహా. క్యూఎము మీద కట్టిన ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కి వారసత్వంగా వచ్చాయి. 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్ కూడా తన నాట్‌ని స్లర్ప్ నుంచే తీసుకుంది.

ఇక అసలు సంగతి. గెస్ట్ 10.0.2.2కి కనెక్టయితే, స్లర్ప్ దాన్ని హోస్ట్ తాలూకు 127.0.0.1కి చేరుస్తుంది. అంటే "లోకల్‌హోస్ట్ మీదే కదా, ఎవడొస్తాడులే" అని మనం పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన డేటాబేసుకి గెస్ట్ నేరుగా వెళ్ళగలదు. 1995లో ఇది తప్పేం కాదు. ఆ పీసీ ముందున్నవాడికి ఆ సర్వర్ మీద ఎలాగూ లాగిన్ ఉంది. అతిథీ, ఇంటాయనా ఒకరే. మనం వర్చువల్ మెషీన్ పెట్టుకునేదేమో చాలాసార్లు నమ్మకంలేని ప్రోగ్రాముని విడిగా ఉంచడానికి! అంకె మారలేదు, అతిథి మారిపోయాడు.

క్యూఎములో రిస్ట్రిక్ట్ అనే ఆప్షనుంది. వర్చువల్‌బాక్స్ తర్వాతి వెర్షన్లలో దీనికి విడిగా ఓ స్విచ్ పెట్టారు. ఆండ్రాయిడ్ డాక్యుమెంటు కూడా 10.0.2.2 అంటే మీ మెషీన్ 127.0.0.1 అని స్పష్టంగానే చెబుతుంది. కాకపోతే దాన్ని డెవలపర్‌కి సౌకర్యంగా చదువుకుంటున్నాం గానీ, తెరిచిన తలుపుగా చదవట్లేదు.

నా మటుకు నాకు, డిఫాల్ట్ గురించి రాసేటప్పుడు అంకె ఒక్కటే రాస్తే చాలదు. అది ఎవరిని నమ్మి పెట్టిందో కూడా ఒక లైను రాయాలి. మీ టీమ్ వికీలో అలాంటి లైను ఉందా? లేకపోతే ఇవాళే చేర్చండి, ఐదు నిమిషాల పని.