పిల్లలమర్రికి సెలైన్

పాలమూరు అనగానే కరవును, వలసలను తలచుకొనేవారే ఎక్కువ. ఆ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో సుమారు 3 ఎకరాల మేర నీడ పరచిన మర్రిచెట్టు ఒకటున్నదని పాఠకులలో ఎందరికో తెలిసే ఉంటుంది. అదే పిల్లలమర్రి. (సూర్యాపేట వద్ద కాకతీయుల కాలపు ఆలయాలున్న పిల్లలమర్రి గ్రామం వేరు.) దీని వయస్సు 700 ఏళ్ళని చెబుతారు. ఆ లెక్కన, 1890లో ఆరవ నిజాం పేరిట పాలమూరు మహబూబ్‌నగర్ అయ్యేనాటికే ఇది ముసలిచెట్టు.

మర్రి ఊడలు నేలను తాకి కాండాలవుతాయి. కొంతకాలానికి తల్లి ఏదో పిల్ల ఏదో తెలియదు. కలకత్తా శిబ్‌పూర్ ఉద్యానంలోని మహావటవృక్షం 1864, 1867 తుపానులలో దెబ్బతిన్నది. తరువాత శిలీంధ్రం సోకగా 1925లో దాని మూలకాండాన్నే తొలగించారు. ఊడల మీదనే అది నేటికీ బ్రతికి ఉన్నది!

పాలమూరు మర్రికి పట్టిన జబ్బు చెద. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడగా సందర్శకులను ఆపివేశారు. అంతకుముందు కొమ్మలెక్కి ఊగినవారు, బెరడుపై పేర్లు చెక్కినవారు తక్కువేమీ కాదు. బెరడు మన చర్మం వంటిది; తెగిన చోటనే పురుగు చేరుతుంది.

మొదట రంధ్రాలు చేసి పోసిన మందు నిలువలేదు. 2018 ఏప్రిల్‌లో అటవీశాఖవారు వందలాది సెలైన్ సీసాలు కట్టి, పలుచన చేసిన క్లోరోపైరిఫాస్‌ను చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ చిత్రాలు చూసి నవ్వుకొన్నవారున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మందు మా వృత్తివారికి బాగా పరిచయమైనది. అది ఆర్గానోఫాస్ఫేట్; నరాల సంకేతాన్ని అదుపులో ఉంచే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును స్తంభింపజేస్తుంది. చెద చచ్చేదీ, మనిషి చచ్చేదీ ఆ దారినే. నోట నురగ, సూదిమొనంతగా కుంచించుకొన్న కంటిపాపలు, అందని ఊపిరి: ఈ లక్షణాలు కనబడితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి. అట్రోపిన్ అక్కడే దొరుకుతుంది. మీ పెరటి చెట్టుకు ఈ వైద్యాన్ని మీరుగా చేయబోకండి.

వాలిన కొమ్మలకు దిమ్మెలతో ఊతమిచ్చారు, వేళ్ళకు ఎరువు వేశారు. చిగుళ్ళు మరల వచ్చాయి. నడకకు నీడ కోరేవారికి అదే పట్టణంలో అప్పన్నపల్లి అడవిలో 2,087 ఎకరాల అర్బన్ ఎకో పార్కు ఉన్నది. అక్కడ నడవండి, మర్రిని దూరం నుండి చూడండి.