మూత్రంలో మంట: పోయినసారి గోళీ ఈసారి ఎందుకు పనిచేయట్లేదు?

మూత్రానికి వెళ్తే మంట. వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. పొత్తికడుపులో నొప్పి. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ బాధ బయటికి చెప్పుకోరు. పోయినసారి డాక్టర్ రాసిన చీటీ వెతికి, అవే గోళీలు తెమ్మని ఇంట్లో ఎవరినో మెడికల్ షాపుకు పంపుతారు. రెండు రోజుల్లో మంట తగ్గుతుంది, మిగిలిన గోళీలు మందుల డబ్బాలో పడతాయి. కొన్ని నెలలకు మళ్లీ అదే మంట. ఈసారి ఆ గోళీ పనిచేయదు.

"ఒళ్లు ఆ మందుకు అలవాటు పడిపోయింది" అంటుంటారు. అలవాటు పడేది మన ఒళ్లు కాదు, బాక్టీరియా.

యూరిన్ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఇ. కోలై అనే బాక్టీరియా వల్ల వస్తాయి. అది మామూలుగా మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడ హాని చేయదు. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి అక్కడి నుంచి మూత్రాశయంలోకి సులువుగా ఎక్కుతుంది. అందుకే దాదాపు సగం మంది ఆడవాళ్లకు జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. సిగ్గుపడాల్సిన జబ్బేమీ కాదు.

మనం మింగిన యాంటీబయాటిక్ మూత్రంలోని బాక్టీరియాతోనే ఆగదు, పేగుల్లో ఉన్నవాటి మీదా పడుతుంది. బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే పైకి ఎక్కేది ఆ మిగిలినవే. కొన్ని బాక్టీరియా మందును ముక్కలు చేసే ఎంజైమ్ తయారుచేసుకుంటాయి. ల్యాబ్ రిపోర్టులో 'ఈఎస్‌బీఎల్' అని కనిపిస్తే అర్థం ఇదే: సెఫిక్సిమ్ లాంటి మందుల్ని అది కోసేస్తుంది. ఈ విద్య నేర్పే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టల మీద ఉంటాయి, ఒక బాక్టీరియా వాటిని పక్కదానికి కూడా అందిస్తుంది.

ప్రపంచాన్ని కంగారుపెట్టిన ఒక నిరోధకత మూత్రం శాంపిల్‌లోనే దొరికింది. ఢిల్లీ ఆసుపత్రిలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన భారత సంతతి రోగి మూత్రంలో, 2008లో, చివరి అస్త్రాలనుకునే కార్బపెనెమ్ మందులను కూడా ఓడించే క్లెబ్సియెల్లా కనబడింది. ఆ ఎంజైమ్‌కు ఎన్‌డీఎం-1 అని, న్యూఢిల్లీ పేరే పెట్టారు. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పేరు సంగతి ఎలా ఉన్నా సమస్య ఢిల్లీది ఒక్కటే కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో పరిశోధకులు ప్రచురించారు. అంత మందులో బతకగలిగిన బాక్టీరియా ఎలాంటిదో ఊహించుకోండి.

మరి ఇంట్లో మనం చేయగలిగిందేమిటి? మొదటి గోళీ మింగకముందే యూరిన్ కల్చర్‌కు ఇవ్వడం, ముఖ్యంగా ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంటే. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. ఇంటి సీసాలో కాదు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అందులో మందు పేరు పక్కన 'ఎస్' ఉంటే పనిచేస్తుందని, 'ఆర్' ఉంటే చేయదని. ఆలోగా డాక్టర్ ఒక మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి మార్చవచ్చు. అది తప్పు కాదు. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ అనే పాత మందులు ఇంకా చాలామందికి పనిచేస్తున్నాయి. కానీ కిడ్నీ దెబ్బతిన్నవారికి, నెలలు నిండిన గర్భిణికి నైట్రోఫ్యూరాంటోయిన్ సరిపడదు కాబట్టి సొంతంగా కొనుక్కోవద్దు. డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు.

ఇంకో మాట, ఇది చదువుకున్న ఇళ్లలోనూ జరిగే పొరపాటు. దాదీకో నానమ్మకో మంట, జ్వరం ఏమీ లేకపోయినా పరీక్షలో బాక్టీరియా కనబడిందని యాంటీబయాటిక్ వేసేస్తారు. వయసు మళ్లినవాళ్లలో, యూరిన్ పైపు ఉన్నవాళ్లలో బాక్టీరియా ఉండటం మామూలే. బాధ లేకపోతే సాధారణంగా మందు అక్కర్లేదు. గర్భిణుల సంగతి వేరు, వాళ్లకు బాధ లేకపోయినా చికిత్స చేయాలి.

రంజాన్‌లో నీళ్లు తక్కువై మంట మొదలైతే దాచుకోకండి. రోజుకు రెండు పూటల మందును సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చేమో డాక్టర్‌నే అడగండి. రోగికి రోజా విషయంలో వెసులుబాటు ఎలాగూ ఉంది.

చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా వెళ్లిందేమోనని అనుమానించాలి. అప్పుడు మెడికల్ షాపు కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు, మగవాళ్లయితే ఒట్టి మంట ఉన్నా డాక్టర్‌కు చూపించుకోవాలి.