సారంగధర విషాదము - రాజరాజు నపకీర్తి

సారంగధర కథకు రంగస్థలమునఁ గల ప్రతిష్ఠ చరిత్రమున లేదు. రాజరాజనరేంద్రుని శాసనములందు సారంగధరుఁడు కానరాఁడు. ఆతని పుత్రుఁడుగాఁ బ్రసిద్ధుఁడు 1070లోఁ జోళసింహాసన మెక్కిన కులోత్తుంగుఁడు.

గౌరన నవనాథచరిత్రమున నీ కథ యోగమహిమను జాటుటకై వెలసినది. సవతితల్లి మోపిన నిందచేఁ గాలుసేతులు గోల్పోయిన రాజపుత్రుఁడు సిద్ధుని కరుణచే వానిని మరలఁ బడసి చౌరంగి యయ్యెను. పిమ్మట చేమకూర వేంకటకవి కావ్యము కథను రాజమహేంద్రవరమున నిలిపెను. 1656 నాఁటి యప్పకవీయము సారంగధరుని నాంధ్రశబ్దచింతామణిని గాపాడినవానినిగాఁ జెప్పెను.

1883లో విజయనగరమున గురజాడ అప్పారావు దీని నాంగ్లపద్యముగా రచించెను. బళ్లారి సరసవినోదినీ సభకై ధర్మవరము రామకృష్ణమాచార్యులు సంస్కృత నాటకమర్యాదను మీఱి, 'విషాద సారంగధర'మును దుఃఖాంతముగా నడపెను. జనులు దాని నాదరించిరి.

పూర్వకథలో నవయవములు మరల మొలచుటచే రాజు దోషము కొంత తీఱినది. నాటకమున నది తీఱలేదు. నన్నయను బోషించిన ప్రభువు ప్రేక్షకుల మనస్సులఁ బుత్రఘాతిగా మిగిలెను. విషాదాంతము కవి స్వాతంత్ర్యము. దానిని జరిత్రముగా బాలురకు బోధించుట మాత్ర మా ప్రభువునకుఁ జేయు నన్యాయము.