ఆక్సుఫర్డు కళాశాలలు: వాసము, బంధుత్వము

సంస్కృతమున శిష్యునికి అంతేవాసి యను నామము గలదు. గురుసన్నిధిని వసించువాడని దాని యర్థము. చదువునకు వాసము ప్రధానమను నీ భావము ఆంగ్లదేశమున ఆక్సుఫర్డునందు కళాశాలల రూపమున వెలసినది. సంఘములవారు బాలురకై వసతిగృహములు కట్టించుచుందురు గావున ఆ చరిత్రము మనమెరుగదగినది.

తొలుత నచట కళాశాలలు లేవు. విద్యార్థులు పట్టణమున అద్దెయిండ్లలో నుండి పౌరులతో కలహించుచుండిరి. 1209లో ఒక స్త్రీ హత్యకు ప్రతిగా పట్టణమువారు కొందరు విద్యార్థుల నురిదీయగా, పండితులు పలువురు ఊరు విడిచిరి. వారిలో కొందరు చేరుటచేతనే కేంబ్రిడ్జి విద్యాపీఠమైనది.

1264లో వాల్టరు డి మర్టను తన భూముల రాబడి నొసగి ఒక కళాశాలను స్థాపించెను. 1274 నాటి దాని నియమములచే విద్యార్థులు ఒక పెద్ద యాజ్ఞకు లోబడి కలసి వసించిరి. 1379లో వెలసిన న్యూ కాలేజీలో పిన్నలకు పెద్దలు లోపలనే పాఠము చెప్పు నాచారము బలపడెను. నేటికిని అచట పరీక్షించి పట్టమిచ్చునది విశ్వవిద్యాలయము. చేర్చుకొనునది, అన్నము పెట్టునది, వ్యాసము వ్రాయించి దోషములెన్నునది కళాశాల. గణితము చదువువాడును వేదాంతము చదువువాడును ఒకే భోజనశాలలో కూర్చుందురు. అచటి విద్యలో సగము ఆ బల్లయొద్దనే జరుగునని నా తలంపు.

అయితే ఆ బల్లయొద్ద నెవరు కూర్చుండవచ్చును? మర్టను మొదట తన బంధువర్గపు బాలురనే తలచి ధర్మమొనర్చెను. స్థాపకుని రక్తసంబంధులకు ముందు చోటిచ్చుట పెక్కు కళాశాలలందు ఆచారమయ్యెను. 1438లో హెన్రీ చిచిలీ స్థాపించిన ఆల్ సోల్సు కళాశాలలో ఈ హక్కు ఎంత ముదిరినదనగా, ఆయన వంశవృక్షములను 1765లో గ్రంథముగానే అచ్చువేసిరి! గోత్రప్రవరలు చెప్పుకొను మనకిది వింతగాదు. కాని పాండిత్యముకంటె వంశవృక్షము బరువైనచోట కళాశాల చుట్టపుసత్రమగును. మన వసతిగృహములయందును ఈ ప్రశ్న పంక్తియొద్దనే తేలును. దానిని మహాసభ విచారింపవలెను.

1854 నాటి శాసనము తరువాత ఆ బంధుత్వపు హక్కు తొలగెను. ఇతర మతస్థులకు పదవులనుండి మతప్రమాణపు అడ్డు 1871లో తొలగెను. స్త్రీలకు 1879లో వేరు వసతులేర్పడినను పట్టములు 1920 వరకు దక్కలేదు. మర్టను కళాశాల స్త్రీలను చేర్చుకొన్నది 1980లో.